డెక్‌ని కోయకండి, బోర్డు కోయండి

పాత టర్న్‌టేబుల్‌కి (రికార్డు తిప్పే డెక్‌కి) వేరే టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) పెట్టొచ్చా అని ఎవరైనా అడిగితే చాలు, రెండు వర్గాలు బయల్దేరతాయి. ఒక వర్గానికి అది అపచారం. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంచాలి, మర కూడా కదపకూడదు. రెండో వర్గానికి పాత ఆర్మ్ అంటేనే చిన్నచూపు. దాన్ని పీకి పక్కన పడేసి, పేరున్న ఆర్మ్ ఒకటి తెచ్చి బిగిస్తే డెక్ దశ తిరిగిపోతుందని వాళ్ల నమ్మకం. నాకు ఈ రెండు వాదనలూ మింగుడుపడవు. ఆర్మ్ మార్చడంలో తప్పేమీ లేదు. అయితే ఏ ఆర్మ్ అన్నది కార్ట్రిడ్జ్‌ని బట్టి, అంటే ఆర్మ్ చివర ముల్లుని పట్టుకుని దాని కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న దిమ్మని బట్టి తేల్చుకోవాలి. మార్చాక ఎప్పుడు కావాలంటే అప్పుడు పాతది మళ్లీ దాని చోట కూర్చోవాలి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా పాత ఆర్మ్‌నే బాగుచేసుకుని వాడుకోవడం మేలు.

మొదటి వర్గం వాళ్ల సంగతి ముందు చూద్దాం. ఇవాళ లక్షలు పోసి కొనుక్కుంటున్న పాత డెక్‌లలో పేరుమోసినవి అసలు ఆర్మ్‌తో అమ్మినవే కావు. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో తయారైన గ్యారార్డ్ 301 సంగతే చూడండి. 1954లో బజారుకొచ్చింది. పెట్టెలో ఉండేది మోటారు, దాని తిప్పుడుని అందించే ఇడ్లర్ చక్రం, రికార్డు కూర్చునే పళ్లెం (ప్లాటర్), స్విచ్చులు, అంతే. చెక్క పెట్టె మీరే చేయించుకోవాలి, ఆర్మ్ మీరే తెచ్చుకోవాలి. 1957లో వచ్చిన థోరెన్స్ టీడీ 124కి పక్కన విడిగా ఊడొచ్చే చెక్క బోర్డు ఉండేది. ఆ బోర్డు పెట్టిందే ఎవరికి నచ్చిన ఆర్మ్ వాళ్లు బిగించుకోవడానికి. 1970ల మొదట్లో గ్లాస్గో నుంచి వచ్చిన లిన్ ఎల్‌పీ12 మీద చాలా ఇళ్లలో ఉండింది లిన్ ఆర్మ్ కాదు, ఎస్‌ఎమ్‌ఈ 3009. లిన్ సొంత ఆర్మ్ ఇటాక్ వచ్చేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది.

ఎస్‌ఎమ్‌ఈ కథ ఇంకా సరదాగా ఉంటుంది. ససెక్స్‌లోని స్టెయినింగ్ అనే చిన్న ఊళ్లో మోడల్ బొమ్మల విడిభాగాలు చేసే కంపెనీ అది. దాని యజమాని అలస్టెయిర్ రాబర్ట్‌సన్ ఐక్‌మన్ తన సంగీతం కోసం తనే ఒక ఆర్మ్ చేసుకున్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. 1959 నుంచి అమ్మకం మొదలైంది. ఆ ఒక్క ఆర్మ్ చుట్టూ ఒక వ్యాపారమే లేచింది. దాని హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ముందు భాగం) తగిలించే పద్ధతిని చాలా జపాన్ కంపెనీలు తీసుకున్నాయి. మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి, 2016లో ఈ కంపెనీ భారతీయ వ్యాపారవేత్త అజయ్ షిర్కేకి చెందిన కేడెన్స్ గ్రూప్ చేతికొచ్చింది, తర్వాత గ్యారార్డ్ పేరు కూడా వాళ్లే కొన్నారు. 2019 చివర్లో ఎస్‌ఎమ్‌ఈ విడి ఆర్మ్‌లు అమ్మడం ఆపేసింది. ఆర్మ్ కావాలంటే వాళ్ల టర్న్‌టేబుల్ కూడా కొనాల్సిందే అన్నారు. ఈ నిర్ణయం నాకు అస్సలు నచ్చలేదు. అరవై ఏళ్లపాటు ఎవరి డెక్ మీదైనా కూర్చున్న ఆర్మ్ అది.

కాబట్టి 'ఒరిజినల్' అనే వాదన 301, 124 లాంటి డెక్‌ల దగ్గర నిలబడదు. ఆర్మ్‌తో కలిపి అమ్మిన వాటి దగ్గరే అసలు చర్చ. నా దగ్గరున్నది అలాంటిదే, థోరెన్స్ టీడీ 160. 1972 నుంచి జర్మనీలోని లార్‌లో తయారైన మోడల్. దాంతో వచ్చేది టీపీ 16 అనే ఆర్మ్. నాది చేతికొచ్చేసరికి ఆ ఆర్మ్ బేరింగ్‌లో ఆట వచ్చేసింది. హెడ్‌షెల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే 'టిక్' అని తెలిసేంత ఆట. దాని బదులు రేగా ఆర్‌బీ300 పెట్టాను. ఇది 1983లో వచ్చిన ఆర్మ్. హెడ్‌షెల్ నుంచి బేరింగ్ దాకా ఒకే ముక్కగా పోతపోసిన అల్యూమినియం గొట్టం. ఎక్కడా అతుకు లేదు, లూజయ్యే జాయింట్ లేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది.

రేగా ఎందుకు, ఎస్‌ఎమ్‌ఈ ఎందుకు కాదు అని అడిగినవాళ్లు చాలామంది. జవాబు నా కార్ట్రిడ్జ్‌లో ఉంది. నేను వాడేది ఆర్టోఫోన్ 2ఎమ్ శ్రేణిలోది. బరువు 7.2 గ్రాములు, కంప్లయన్స్ 20.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. ముల్లు చివర ఉన్న సన్నని కడ్డీ స్ప్రింగులా వంగుతుంది. అది ఎంత మెత్తగా వంగుతుందో చెప్పే అంకె కంప్లయన్స్. ఆ స్ప్రింగు మీద ఆర్మ్, కార్ట్రిడ్జ్, మరలు కలిసి ఒక బరువు. స్ప్రింగు, బరువు ఒకచోట చేరాయంటే వాటికి సొంతంగా ఊగే ఒక వేగం ఉంటుంది. రికార్డు వంకరలు సెకనుకు ఐదు ఊపుల్లోపే ఉంటాయి. సంగీతం ఇరవై నుంచి మొదలవుతుంది. కాబట్టి ఈ ఊగే వేగం రెంటికీ మధ్యలో, 8 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకు ఊపులు) లోపల పడాలి. దాన్ని తేల్చే సూత్రం చిన్నదే. బరువుని కంప్లయన్స్‌తో హెచ్చించి, వర్గమూలం తీసి, 159ని దాంతో భాగించాలి.

రేగా ఆర్మ్ చలనంలో చూపే బరువు దాదాపు 11 గ్రాములు. కార్ట్రిడ్జ్ 7.2, మరలకి ఒక గ్రాము. మొత్తం 19.2. దాన్ని 20తో హెచ్చిస్తే 384, మూలం 19.6. అంటే 8.1 హెర్ట్జ్. గీత మీద పడింది గానీ లోపలే పడింది. ఇదే రేగాకి 1970ల నాటి మెత్తని కార్ట్రిడ్జ్ ఒకటి, ఆరు గ్రాముల బరువు, 30 కంప్లయన్స్ ఉన్నది తగిలించండి. 6.8కి జారిపోతుంది. రికార్డు కాస్త వంకరగా ఉంటే స్పీకర్‌లోని వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊపిరి పీల్చినట్టు కొట్టుకుంటుంది. అదే కార్ట్రిడ్జ్‌ని ఎస్‌ఎమ్‌ఈ సిరీస్ త్రీ లాంటి 5 గ్రాముల ఆర్మ్‌లో పెడితే 8.4కి వచ్చి కుదురుకుంటుంది. ఇంకోవైపు డెనాన్ డీఎల్ 103 ఉంది. జపాన్ రేడియో కోసం 1960లలో చేసింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. ముల్లు కడ్డీ బిర్రుగా ఉంటుంది, బరువు 8.5 గ్రాములు. కంపెనీ చెప్పే కంప్లయన్స్ 5. కానీ అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచింది. మన లెక్కకి కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె, కాబట్టి రెట్టింపు చేసి కంప్లయన్స్ 10 అనుకోవచ్చు. రేగాలో అది 11 చుట్టూ పడుతుంది, బాగుంటుంది. తేలికైన సిరీస్ త్రీలో పెడితే 13 దాటుతుంది. ఎస్‌ఎమ్‌ఈ గొప్ప ఆర్మా కాదా అన్న ప్రశ్నకి అందుకే అర్థం లేదు. దేనికి గొప్ప అన్నదే ప్రశ్న. కార్ట్రిడ్జ్ చెప్పకుండా 'నా 301కి ఏ ఆర్మ్ మంచిది' అని అడిగేవాళ్లకి నేను జవాబు ఇవ్వను.

ఇక బోర్డు. టీడీ 160 పై రేకు కింద ఇంకో రేకు చట్రం మూడు స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ప్లాటర్ బేరింగ్, ఆర్మ్ బోర్డు రెండూ ఆ తేలే చట్రానికే బిగించి ఉంటాయి. ఈ ఆలోచన 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్ టర్న్‌టేబుల్‌లో పెట్టాడు. థోరెన్స్ 1965లో టీడీ 150లో తీసుకుంది, లిన్ దాన్నే ఇంకా పకడ్బందీ చేసింది. చట్రం ఎంత ఊగినా ప్లాటర్‌కీ ఆర్మ్‌కీ మధ్య దూరం మారదు, అదే ఇందులో కిటుకు. మనకి కలిసొచ్చే సంగతి ఇంకొకటి, ఆర్మ్ బోర్డు విడిగా ఊడొస్తుంది. కొత్త బోర్డు చేయించుకుంటే పాత బోర్డు, పాత ఆర్మ్ అలాగే జతగా అట్టపెట్టెలో పెట్టేసుకోవచ్చు. రేపు ఎవరికైనా అమ్మాలన్నా డెక్ విలువ తగ్గదు.

నా బోర్డు టేకుతో హైదరాబాద్ బాలానగర్‌లో చేయించాను. అక్కడ లేత్ షాపులకి కొదవ లేదు. బోర్డు ఆకారం పాతదాన్ని చూసి కోయడం తేలిక. రంధ్రం ఎక్కడ వేయాలన్నదే అసలు పని. రేగాకి ప్లాటర్ మధ్య ఇరుసు నుంచి ఆర్మ్ తిరిగే బిందువు దాకా 222 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ ఇరుసు డెక్ మీద ఉంటుంది, బోర్డు లేత్ షాపులో ఉంటుంది. అందుకని ముందు రంధ్రం లేని ఉత్త బోర్డుని డెక్‌కి బిగించాలి. గట్టి ప్లాస్టిక్ షీటు పట్టీ ఒకటి తీసుకుని, ఒక చివర ఇరుసు బిగుతుగా దూరే రంధ్రం చేసి, దాని మధ్య నుంచి సరిగ్గా 222 దగ్గర సన్నటి చిల్లు పెట్టి, అందులోంచి పెన్సిల్ మొనతో బోర్డు మీద ఒక చాపం గీయాలి. ఆ చాపం మీద ఎక్కడ రంధ్రం వేసినా దూరం సరిపోతుంది. ఎక్కడన్నది నిర్ణయించేది ఆర్మ్ వెనక బరువు. అది పెట్టె అంచుకి గానీ మూతకి గానీ తగలకూడదు. ఆర్మ్‌ని స్టాండ్ మీద పెట్టినప్పుడు హెడ్‌షెల్ ప్లాటర్‌కి ఎడంగా ఉండాలి. ఇవి చూసుకున్నాకే గుర్తు పెట్టి, బోర్డు ఊడదీసి, షాపుకి తీసుకెళ్లాలి.

ఆ షాపాయన గుర్తు చూసి అడిగాడు, "సార్, ఒక నూలు అటూ ఇటూ అయితే పర్లేదా?" వడ్రంగం లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు.

"నూలు వద్దన్నా, ఒక మిల్లీమీటరు దాకా పర్లేదు" అన్నాను.

"చెక్క పనికి మిల్లీమీటర్లా!" అని నవ్వాడు గానీ, ముందు సన్నటి డ్రిల్లుతో మధ్యలో చిల్లు వేసి, తర్వాత దాని మీదే గుండ్రంగా కోసే 24 మిల్లీమీటర్ల హోల్ సా నిలబెట్టి నిదానంగా కోశాడు. పాత రకం ఆర్‌బీ300కి ఒకటే రంధ్రం, కింద ఒకటే పెద్ద నట్టు. తర్వాత వచ్చిన రేగాలకి మూడు మరల బేస్, వాటికి పని ఎక్కువ. బోర్డు మందం కూడా చూసుకోవాలి. మరీ మందమైతే కింద నట్టుకి మర అందదు.

ఆ ఒక్క మిల్లీమీటరు మినహాయింపు ఎందుకిచ్చానో చెప్పాలి. ఎందుకంటే ఈ 222 అంకె పేరు చెప్పి జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆర్మ్ ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముల్లు రికార్డు గాడికి అన్నిచోట్లా సమాంతరంగా ఉండలేదు. రెండు చోట్ల మాత్రం సరిగ్గా కుదురుతుంది, మిగతా చోట్ల కొద్దిగా తప్పుతుంది. ఆ రెండు చోట్లు ఎక్కడ ఉంటే మొత్తం మీద తప్పు తక్కువగా ఉంటుందో 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్ లెక్కగట్టారు. మధ్య నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 దగ్గర. 1966లో స్టీవెన్‌సన్ రికార్డు లోపలి అంచుకి ప్రాధాన్యమిచ్చి 60.3, 117.4 అన్నాడు. మీ బోర్డు రంధ్రం 222 బదులు 223 దగ్గర పడిందనుకోండి. కార్ట్రిడ్జ్‌ని హెడ్‌షెల్ గాడిలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు ముందుకు జరిపితే ఆ రెండు బిందువులూ మళ్లీ అక్కడికే వచ్చి చేరతాయి. రెండు బిందువులున్న ప్రొట్రాక్టర్ కాగితం మీద పెట్టి సరిచేసుకుంటే చాలు, చెవికే కాదు, లెక్కకి కూడా తేడా తెలియదు. నూలు తేడా వస్తే మాత్రం గాడిలో చోటు దాదాపు అయిపోతుంది.

రేగా తన ఆర్మ్‌కి ఓవర్‌హ్యాంగ్ (ముల్లు మధ్య ఇరుసుని దాటి ముందుకొచ్చే దూరం) 15 మిల్లీమీటర్లు అని చెబుతుంది. 222 దూరానికి స్టీవెన్‌సన్ లెక్క కడితే 15.4 వస్తుంది, బేర్వాల్డ్ కడితే 17.3. అంటే కంపెనీ స్టీవెన్‌సన్ వైపు మొగ్గిందన్నమాట. నేను బేర్వాల్డ్‌కి జరిపి పెట్టుకున్నాను. సినిమా పాటల ఎల్‌పీల్లో చివరి పాట లోపలి అంచు దాకా వెళ్లినవి నా దగ్గర ఎక్కువ ఉంటే స్టీవెన్‌సనే పెట్టేవాణ్ని. అక్కడ గాడి సెకనుకు 21 సెంటీమీటర్లే నడుస్తుంది, బయటి అంచు దగ్గరైతే 51. అంత తక్కువ నిడివిలో అదే పాట ఇరికించాలి కాబట్టి స, శ అక్షరాలు చిరిగినట్టు వినబడేది ఎక్కువగా అక్కడే.

రంధ్రం గురించి ఇంత చెప్పుకుంటాం గానీ, ఆర్మ్ మార్చిన చాలా డెక్‌లు చెడేది రంధ్రం దగ్గర కాదు, దాని కింద. ముఖ్యంగా టీడీ 160 లాంటి స్ప్రింగుల డెక్‌లలో.

కొత్త ఆర్మ్, కొత్త బోర్డు బరువు పాతవాటితో సరిపోదు. ఎక్కువైతే చట్రం ఆ మూల దిగుతుంది, తక్కువైతే లేస్తుంది. స్ప్రింగు నట్లు తిప్పి ప్లాటర్‌ని మట్టం చేసుకోవాలి. ఇది అందరూ చేస్తారు. తర్వాతది చాలామంది చేయరు. ప్లాటర్ మీద రికార్డు పెట్టి, ఇరుసు పక్కన వేలితో మెల్లగా నొక్కి వదలాలి. చట్రం నిటారుగా కిందికీ పైకీ ఊగాలి. పక్కలకి తూలినా, గిరగిర తిరిగినట్టు ఊగినా ఏదో ఒకటి దాన్ని పట్టుకుంటోందని అర్థం. నూటికి తొంభై సార్లు ఆ పట్టుకునేది ఆర్మ్ వైరే.

టీపీ 16 నుంచి కిందికి వచ్చేవి వెంట్రుకల్లాంటి సన్నటి వైర్లు. రేగా నుంచి వచ్చేది దళసరి కేబుల్, ఆర్మ్ అడుగు నుంచి నేరుగా కిందికి దిగి ఆంప్లిఫయర్ దాకా వెళుతుంది. దాన్ని అలాగే పెట్టె వెనక చిల్లులోంచి లాగేస్తే తేలే చట్రానికి తాడు కట్టినట్టే. స్ప్రింగులున్నా లేనట్టే. కేబుల్‌ని ఆర్మ్ కింద ఒక పెద్ద వదులు చుట్టుగా తిప్పి, ఆ చుట్టు చివరని కదలని పెట్టె గోడకి క్లిప్పు వేసి బిగించాలి. చట్రం ఊగినప్పుడు చుట్టు తెరుచుకుని మూసుకోవాలే తప్ప లాగకూడదు. వేలితో నొక్కి చూడటం, చుట్టు కాస్త మార్చడం, మళ్లీ నొక్కి చూడటం. విసుగు పుట్టించే పని. కానీ నాకు తెలిసి ఆర్మ్ మార్పిడిలో ధ్వనికి అన్నిటికంటే పనికొచ్చేది ఆ గంటసేపు పనే. కింద హార్డ్‌బోర్డు మూతకి కేబుల్ తగులుతుంటే ఆ మూత తీసేయడమే నయం.

ఎత్తు సంగతి త్వరగా ముగిస్తాను. ఆర్‌బీ300కి ఎత్తు సర్దే మర లేదు. కింద రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టుకోవడమే. 2ఎమ్ కార్ట్రిడ్జ్ 18 మిల్లీమీటర్ల పొడుగు, రేగా సొంత కార్ట్రిడ్జ్‌ల కంటే ఎత్తు, కాబట్టి స్పేసర్ కావాలి. గొట్టం చివరికి సన్నబడుతూ ఉంటుంది కనక కంటితో మట్టం చూస్తే మోసపోతాం, హెడ్‌షెల్ పైభాగాన్ని చూడాలి. అంతకు మించి దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇంత పొడుగు ఆర్మ్‌లో వెనక భాగం నాలుగు మిల్లీమీటర్లు లేపితే ముల్లు కోణం మారేది ఒక్క డిగ్రీ. రికార్డు మందాన్ని బట్టి ప్రతిసారీ ఎత్తు సర్దేవాళ్ల ఓపికకి దణ్ణం పెడతాను గానీ అనుసరించను.

ముల్లు రికార్డుని నొక్కే బరువు చూడటానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా చాలు, గ్రాములో వందో వంతు దాకా చూపిస్తుంది. రెండు జాగ్రత్తలు. కాటా పళ్లెం రికార్డు ఉండే ఎత్తులోనే ఉండాలి, పైన పెట్టి తూస్తే అంకె మారుతుంది. పళ్లెం స్టీలుదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. పైన ఒక చిన్న ప్లాస్టిక్ దిమ్మ పెట్టి, సున్నా చేసి, దాని మీద ముల్లు దించాలి. ఆర్‌బీ300 పక్కన ఉండే అంకెల చక్రం లోపలి స్ప్రింగుతో పనిచేస్తుంది. నలభై ఏళ్ల స్ప్రింగు మాట నేను నమ్మను. చక్రాన్ని 3 దాకా తిప్పి స్ప్రింగుని పక్కకి తప్పించి, వెనక బరువుతోనే 1.8 గ్రాములు తూచి పెట్టుకున్నాను.

ఇక 'జుమ్' మోత. ఆర్మ్ మార్చాక ఫోన్ చేసేవాళ్లలో సగం మంది గోడు ఇదే. పాత రేగాలకి విడిగా ఎర్త్ వైరు ఉండదు, ఆర్మ్ లోహాన్ని ఎడమ చానల్ నెగటివ్‌కే కలిపేస్తారు. థోరెన్స్ చట్రం రేకుది, దాన్ని విడిగా ఎర్త్ చేయాలి. ఆర్మ్ కింది నట్టు ఆ రేకుకి ఎక్కడైనా తగిలిందంటే ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి మోత మొదలవుతుంది. చెక్క బోర్డు ఇక్కడ కూడా ఆదుకుంటుంది. నట్టు రేకుకి తగలకుండా చూసుకుని, చట్రం నుంచి ఒక వైరు విడిగా ఆంప్లిఫయర్ వెనక ఎర్త్ మరకి ఇస్తే సరి. వైరు, టాగులు, టంకం కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఇప్పుడు రెండో వర్గం వాళ్లతో నా పేచీ. ప్రతి డెక్‌కీ ఈ పని చేయకూడదు. లెంకో ఎల్75 ఉంది. స్విట్జర్లాండ్‌ది, నాలుగు కిలోల దాకా బరువుండే ప్లాటర్, వేగం ఎంత కావాలంటే అంత సర్దుకోవచ్చు. దాని ఆర్మ్ కత్తి అంచు లాంటి బేరింగ్‌తో రెండు చిన్న వి ఆకారం దిమ్మల మీద కూర్చుంటుంది. ఏళ్లు గడిస్తే ఆ దిమ్మలు పొడిపొడి అయిపోతాయి, ఆర్మ్ వదులైపోతుంది. జనం వెంటనే లెంకో ఆర్మ్ పనికిరాదని తీర్పు చెప్పి, పై రేకుని గ్రైండర్‌తో కోసి వేరే ఆర్మ్ దించుతారు. కొత్త దిమ్మలు చవగ్గా దొరుకుతాయి. స్క్రూడ్రైవరు, ఓపిక ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. రేకు కోశాక మాత్రం ఏ లేత్ షాపూ దాన్ని వెనక్కి తేలేదు.

పైగా మన ఇళ్లలో లెంకో ఆర్మ్‌కి ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. 1960ల దాకా తెలుగు సినిమా పాటలు 78 ప్లేట్ల మీద వచ్చాయి. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ ముల్లు అందులో అడుగున పడి గరగరలాడుతుంది. 78కి దాదాపు మూడు రెట్లు లావు ముల్లు కావాలి. ఊడొచ్చే హెడ్‌షెల్ ఉంటే ఒకదానిలో ఎల్‌పీ ముల్లు, ఇంకోదానిలో 78 ముల్లు పెట్టుకుని అరనిమిషంలో మార్చుకోవచ్చు. రేగాలో హెడ్‌షెల్ ఊడదు. ఒకే ముక్క గొట్టం గొప్పదనం అక్కడ గుదిబండ అవుతుంది. తాతగారి 78 ప్లేట్లు, నాన్నగారి ఎల్‌పీలు రెండూ ఉన్న ఇంటికి రేగా పెట్టించుకోమని నేను చెప్పను. బాగుచేసిన లెంకో ఆర్మ్ గానీ, ఎస్‌ఎమ్‌ఈ తరహా హెడ్‌షెల్ ఉన్న ఏదైనా జపాన్ ఆర్మ్ గానీ వాళ్లకి నప్పుతుంది.

ఆటోమేటిక్ చేంజర్ల జోలికి అసలే పోవద్దు. వాటిలో పాట అయ్యాక ఆర్మ్‌ని లేపి వెనక్కి తెచ్చే యంత్రాంగమంతా ఆర్మ్ అడుగున ఉండే తోకతోనే నడుస్తుంది. ఆర్మ్ తీస్తే యంత్రం చచ్చుబడుతుంది. పాత పోర్టబుల్ ప్లేయర్లదీ అదే దారి. వాటిలో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. నా 2ఎమ్ లాంటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగో ఐదో మిల్లీవోల్టులు. మంచి ఆర్మ్, మంచి కార్ట్రిడ్జ్ పెట్టినా లోపలి ఆంప్లిఫయర్‌కి అది వినబడనే వినబడదు.

అమెరికా నుంచి డెక్ తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. కొడుకో అల్లుడో డాలస్‌లో చవగ్గా దొరికిందని థోరెన్స్ మోసుకొస్తాడు. వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు, ఆర్మ్ మారిస్తే బాగుంటుందా అని అడుగుతారు. ముందు మోటారు కప్పీ చూడండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఈ మోటారు వేగం వోల్టేజిని బట్టి ఉండదు, హెర్ట్జ్‌ని బట్టి ఉంటుంది. అక్కడి కప్పీతో ఇక్కడ తిప్పితే 33⅓ తిరగాల్సిన ప్లాటర్ నిమిషానికి 27.8 చుట్లే తిరుగుతుంది. సుశీల గొంతు మగగొంతులా వినబడుతుంటే ఆర్మ్‌ని తిట్టి లాభం లేదు. 50 హెర్ట్జ్ కప్పీ విడిగా దొరుకుతుంది.

తేడా వినబడిందా అంటే వినబడింది, నేను అనుకున్న చోట మాత్రం కాదు. బాస్ ఏదో బ్రహ్మాండంగా మారుతుందనుకున్నాను, పెద్దగా మారలేదు. వీణ తీగ మీటిన క్షణం, మృదంగం మీద చాపు పడిన క్షణం ముందుకంటే తేటగా విడివిడిగా వినబడుతున్నాయి. వదులు బేరింగ్ పోయినందుకు అది న్యాయమే. ఇందులో ఎంత వాటా రేగాది, ఎంత వాటా కొత్త ముల్లుది అని నిలదీస్తే సగం సగం అంటాను. ఆర్మ్‌తో పాటే ముల్లు కూడా మార్చాను మరి. మీ దగ్గర ఒకదానికే డబ్బులుంటే, పాత ఆర్మ్ బేరింగ్ బిగుతుగానే ఉంటే, ముల్లు కొనండి. ఎన్నాళ్లు అరిగిందో తెలియని ముల్లుతో రికార్డు వేయడమంటే గాడిని చెక్కుకోవడమే. బేరింగ్ కూడా పోయిందా, అప్పుడు టేకు ముక్క ఒకటి పట్టుకుని లేత్ షాపుకి బయల్దేరండి. ప్లాస్టిక్ పట్టీ, పెన్సిలు ఇంట్లో పని. బోర్డు ఊడదీసి తీసుకెళ్లండి, డెక్‌ని మాత్రం ఇంట్లోనే ఉంచండి.